కొట్టివేతలతో మొదలయ్యే ఇటలీ ప్రయాణం

యూరప్ ప్యాకేజీ టూర్లలో ఇటలీ వంతుకు వచ్చేది సాధారణంగా రెండు మూడు రోజులు. వెనిస్‌లో ఒక పూట పడవ షికారు, పీసాలో వాలు గోపురాన్ని అరచేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో, రోమ్‌లో కొలోసియం చుట్టూ బస్సులో ఒక చక్కర్. రాత్రయ్యేసరికి ఊరి చివరి హోటల్లో పప్పు, అన్నం, ఆలూ వేపుడు. కళకూ తిండికీ ప్రపంచమంతా పేరు చెప్పుకునే దేశానికి వెళ్లి, ఆ రెండూ తప్ప మిగతావన్నీ చూసి రావడమంటే ఇదే.

ప్యాకేజీ వద్దనుకుని సొంతంగా ప్లాన్ వేసుకునేవాళ్లది ఇంకో తంటా. యూట్యూబ్ చూసి, అమెరికాలో ఉన్న మేనల్లుణ్ని అడిగి, ఎక్సెల్ షీట్ తెరిచి, చెవిన పడ్డ ప్రతి పేరూ అందులోకి ఎక్కిస్తారు. మిలాన్, కోమో సరస్సు, వెనిస్, పీసా, ఫ్లారెన్స్, రోమ్, నేపుల్స్, పాంపేయి, అమాల్ఫీ తీరం. పది రోజులకు తొమ్మిది చోట్లు! ఇటలీలో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలే 61 ఉన్నాయి. మరే దేశానికీ అన్ని లేవు. రోజుకొకటి చూసినా రెండు నెలల పని. పది రోజుల సెలవు దొరికిన మనిషి ఆ లెక్కతో పోటీపడి గెలవలేడు.

అందుకే ఇటలీ ప్లానింగ్‌లో అసలు పని జాబితా రాశాక మొదలవుతుంది. ఎర్ర పెన్ను తీసుకుని పేర్లు కొట్టెయ్యడమే ఆ పని.

ఒక్కసారిగా ఎక్కువ చూస్తే ఏమవుతుందో రెండు వందల ఏళ్ల కిందటే ఒకాయన రాసిపెట్టాడు. ఫ్రెంచి రచయిత స్టెండాల్ 1817లో అచ్చయిన తన యాత్రా పుస్తకంలో, ఫ్లారెన్స్‌లోని శాంతా క్రోచె చర్చి నుంచి బయటికొస్తుంటే గుండె దడదడలాడిందనీ, పడిపోతానేమోనని భయపడుతూ నడిచాననీ చెప్పుకున్నాడు. మైకెలాంజెలో, మాకియవెల్లి, గెలీలియో సమాధులున్న చర్చి అది. తర్వాతి కాలంలో అదే నగరంలోని శాంతా మారియా నువోవా ఆస్పత్రిలో పనిచేసిన సైకియాట్రిస్టు గ్రాట్సియెల్లా మాగెరీని, కళాఖండాల మధ్య తిరిగి తిరిగి అయోమయంలో పడి ఆస్పత్రికి వచ్చిన పర్యాటకులను పరిశీలించి, ఆ స్థితికి 'స్టెండాల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. మనవాళ్లలో చాలామందికి వచ్చేది అంత కవితాత్మకమైన జబ్బు కాదు లెండి. కాళ్ల నొప్పులు, పిల్లల పేచీ, ఇంకా ఎన్ని గదులున్నాయన్న విసుగు. మందు మాత్రం రెంటికీ ఒక్కటే, తక్కువ చూడటం.

తలా ఒక్కటి

కొట్టివేత ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లోవాళ్లు తలా ఒక్కటి ఎంచుకోవడంతో. 'ఇది చూడకుండా తిరిగొస్తే బాధపడతాను' అనిపించేది మనిషికి ఒక్కటే, రెండోది లేదు. నలుగురున్న ఇంట్లో నాలుగు తేలతాయి. అమ్మకు ఫ్లారెన్స్‌లో బొత్తిచెల్లి వీనస్ కావచ్చు, నాన్నకు లియొనార్డో, పదో తరగతి పిల్లాడికి మొదేనా దగ్గర మరనెల్లోలోని ఫెరారీ మ్యూజియం, నాయనమ్మకు వాటికన్. పిల్లాడి కోరిక చూసి పెద్దలు మొహం చిట్లించనక్కర్లేదు. ఆ కారు బానెట్ గీత గీసినవాడూ ఇటలీ కళాకారుల కోవలోనివాడే. ఈ నాలుగూ రాతలో పడ్డాక మిగతావన్నీ దారిలో ఉంటే చూస్తారు, లేకపోతే వదిలేస్తారు.

నాయనమ్మ కోరికలో తెలుగువాళ్లకు ఈమధ్యే ఒక కొత్త ముచ్చట కలిసింది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువారిలో ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకోవడానికి సిస్టైన్ చాపెల్లో తలుపులు మూసుకుని కూర్చున్న కార్డినల్స్‌లో ఆయనా ఒకరు. అక్కడ తల పైకెత్తితే మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసిన పైకప్పు, ఎదురుగా చూస్తే పాతికేళ్ల తర్వాత ఆయనే వచ్చి మొదలుపెట్టిన 'తుది తీర్పు' కనిపిస్తాయి. అక్కడ ఫొటోలు తియ్యనివ్వరు. ఈ కాలంలో అదొక వరం.

ఎంచుకున్న నాలుగింటికీ టికెట్ ఎప్పుడు దొరుకుతుందో చూడటం తర్వాతి మెట్టు. చాలామంది ముందు విమానం, తర్వాత హోటల్, చివర్న మ్యూజియం టికెట్ కొంటారు. ఇటలీలో ఆ వరస తిరగబడాలి. ఎందుకో తెలియాలంటే మిలాన్‌లోని శాంతా మారియా దెల్లె గ్రాత్సియె మఠానికి వెళ్లాలి.

అక్కడి సన్యాసుల భోజనశాల గోడ మీద లియొనార్డో డా విన్సీ 1495–98 ప్రాంతంలో 'ది లాస్ట్ సప్పర్' వేశాడు. సున్నపు పూత తడి ఆరేలోగా రంగు వేసెయ్యాలంటుంది ఫ్రెస్కో పద్ధతి. గంటల తరబడి బొమ్మను చూస్తూ నిలబడి ఒక గీత దిద్దే లియొనార్డో తీరుకు అది పడలేదు. అందుకని ఆరిన గోడ మీదే వేశాడు. దిద్దుకోవడానికి తీరిక దొరికింది కానీ రంగు గోడను పట్టుకోలేదు. ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. 1943 ఆగస్టులో బాంబులు పడి ఆ గది చాలావరకు కూలిపోయినా, ఇసుక బస్తాలు అడ్డుపెట్టిన బొమ్మగోడ నిలబడింది. ఇరవై ఏళ్లకు పైగా సాగిన చివరి మరమ్మతు 1999లో ముగిసింది. జనం ఊపిరిలోని తేమ, బట్టల మీది దుమ్ము కూడా దానికి పడవు కాబట్టి చిన్న చిన్న గుంపులుగానే లోపలికి పంపుతారు. గుంపుకు పావుగంట. టికెట్లు విడతలవారీగా ఆన్‌లైన్‌లో పెడతారు, సీజన్‌లో చూస్తుండగానే అయిపోతాయి. మిలాన్‌లో దిగాక కౌంటర్ దగ్గర అడిగి చూద్దామనుకోవడం అత్యాశే.

రోమ్‌లోని బోర్గేజె గ్యాలరీ కూడా అంతే. రెండు గంటల స్లాట్, ముందుగా బుక్ చేసుకుంటేనే ప్రవేశం. బెర్నీని 1620లలో చెక్కిన 'అపోలో, డాఫ్నీ' ఉన్నది అక్కడే. వెంటపడుతున్న దేవుడి చేతికి చిక్కబోతూ చెట్టుగా మారిపోయే అమ్మాయి. ఆమె వేళ్ల చివర పాలరాయి ఆకులు తొడుగుతుంది. పాదువాలో 1305 నాటికి జొత్తో బొమ్మలతో నిండిన స్క్రొవేన్యి చాపెల్ సంగతి ఇంకా కట్టుదిట్టం. ముందు ఒక అద్దాల గదిలో పావుగంట కూర్చోబెట్టి, అక్కడి గాలి, తేమ సర్దుకున్నాక లోపలికి వదులుతారు. ఆ చాపెల్ కట్టించిన ఎన్రికో తండ్రి పేరుమోసిన వడ్డీ వ్యాపారి. దాంతే తన నరకంలో ఒక మూల కూర్చోబెట్టిన స్క్రొవేన్యి ఆయనేనని పండితులంటారు. కొడుకు కట్టించిన నీలి పైకప్పు కింద నిలబడితే తండ్రి వడ్డీ డబ్బు సద్వినియోగమైందనే అనిపిస్తుంది.

వీసా రాకముందే ఇలాంటి టికెట్ కొనడం రిస్కే. కానీ పోతే పోయేది మనిషికి ఇరవై యూరోల చుట్టుపక్కల. దొరక్కపోతే పోయేది, ఆ ఊరికి వెళ్లిన కారణమే.

వారాల లెక్కలోనూ ఒక ఉచ్చుంది. ఫ్లారెన్స్‌లో ఉఫీత్సి గ్యాలరీకి, మైకెలాంజెలో 'డేవిడ్' ఉన్న అకాడెమియాకు సోమవారం సెలవు. మిలాన్‌లో 'లాస్ట్ సప్పర్'కూ, బోర్గేజెకూ సోమవారమే. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు, నెలలో ఆఖరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఉచితం. ఆ ఉచితం కోసం కట్టే క్యూ చూస్తే టికెట్ కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. ఆదివారం రాత్రి ఫ్లారెన్స్ చేరి మంగళవారం పొద్దున్నే రైలెక్కే కుటుంబానికి వీనస్ లేదు, డేవిడ్ లేడు, మిగిలేది తోలు సంచుల బజారు.

ఫ్లారెన్స్‌లో ఇంత సంపద ఇంకా ఉందంటే అది ఒక మహిళ ముందుచూపు. మెదీచీ వంశంలో చివరిది అన్నా మారియా లుయీజా. తమ్ముడికి సంతానం లేదు, తనకూ లేదు, రాజ్యం బయటివాళ్ల చేతుల్లోకి పోతోంది. 1737లో ఆమె కొత్త పాలకులతో ఒప్పందం రాయించుకుంది. తమ వంశం పోగేసిన బొమ్మలు, శిల్పాలు, పుస్తకాలు ఊరికే చెందాలి, ఒక్కటి కూడా ఫ్లారెన్స్ దాటకూడదు. విదేశీయులను ఆకర్షించడం కూడా ఒక కారణంగా ఆ పత్రంలోనే రాశారు. విమానం పుట్టడానికి 166 ఏళ్ల ముందే టూరిజం పాలసీ రాసిన ఆడమనిషి ఆవిడ. ఉఫీత్సి వరండాలో అడుగుపెట్టే ప్రతి పర్యాటకుడూ ఆ సంతకానికి బాకీ.

బడ్జెట్ చూసుకునేవాళ్లకు ఒక రహస్యం. రోమ్‌లో మ్యూజియం టికెట్ లేకుండానే మహామహుల పనితనం చూడొచ్చు, చర్చిల్లో. సాన్ లుయీజి దెయ్ ఫ్రాంచేజిలో కారవాజ్జో వేసిన సెయింట్ మాథ్యూ బొమ్మలు మూడున్నాయి. శాంతా మారియా దెల్ పొపొలోలో ఆయనవే ఇంకో రెండు. సాన్ పియెత్రో ఇన్ వింకొలిలో మైకెలాంజెలో 'మోజెస్', శాంతా మారియా దెల్లా విత్తోరియాలో బెర్నీని 'సెయింట్ థెరెసా'. ప్రవేశ రుసుము లేదు. కొన్నిచోట్ల లైటు వెలగాలంటే డబ్బాలో నాణెం వెయ్యాలి, అంతే. ఎవరో ఒకరు వేసేదాకా అందరూ చీకట్లో నిలబడి ఒకరినొకరు చూసుకోవడం అక్కడి మామూలు తంతు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, మధ్యాహ్నం చాలా చర్చిలు మూస్తారు. ఇవి గుర్తుంటే ఒక పొద్దుట పూట కారవాజ్జోను ఐదు బొమ్మల్లో కలిసి రావచ్చు. కొలోసియం ముందు క్యూలో కాల్చుకునే మూడు గంటల కన్నా ఇది మేలన్నది ఈ అధ్యాయం పక్షపాతం.

ఎవరూ చెప్పని ఊళ్లో బస

ఊళ్ల దగ్గర ఎర్ర పెన్ను ఇంకా గట్టిగా పనిచెయ్యాలి. పది రోజులకు మూడు బసలు చాలు. హోటల్ మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చెయ్యాలి, స్టేషన్‌కు పరుగెత్తాలి, కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడింటి దాకా గది కోసం ఆగాలి. ఐదుసార్లు మారితే రెండున్నర రోజులు సూట్‌కేసులకే ధారపోసినట్టు.

ఆ మూడింట్లో ఒకటి బొలొన్యా అయితే మంచిది. మన టూర్ బ్రోషర్లలో ఈ పేరు అరుదు. 1088లో పుట్టిందని చెప్పుకునే విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, తినే తిండికి 'బొద్దు ఊరు' అని దేశమంతా ముద్దుపేరు పెట్టుకున్న ఊరు. వీధుల వెంట అరవై కిలోమీటర్లకు పైగా స్తంభాల వసారాలున్నాయి, 2021లో యునెస్కో గుర్తించింది. ఎండ మండినా వాన పడినా గొడుగు లేకుండా ఊరంతా తిరగొచ్చు. వయసు మళ్లినవాళ్లను వెంటబెట్టుకొచ్చిన కుటుంబానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నిటికీ మించి, అది రైళ్ల కూడలి. వేగపు రైలెక్కితే ఫ్లారెన్స్ నలభై నిమిషాల్లోపు, మిలాన్, పాదువా గంట చుట్టుపక్కల. మామూలు రైల్లో మొదేనా అరగంట, పార్మా గంట, రవెన్నా గంటా పావు. ఫ్లారెన్స్‌లో బస దొరక్కపోతే, దొరికినా ధర చూసి గుండె ఆగితే, బొలొన్యాలో ఉండి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. రవెన్నా ఒక్కటే ఆ రైలు టికెట్‌కు న్యాయం చేస్తుంది. సాన్ వితాలె చర్చి గోడల మీద బంగారు గాజు పలుకులతో కూర్చిన జస్టీనియన్ చక్రవర్తి, ఎదురుగా రాణి థియొడోరా. చర్చి ప్రతిష్ఠ జరిగింది 547లో. పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా ఆవిడ నగలు మెరుస్తూనే ఉన్నాయి. ఫ్లారెన్స్‌లో ఉన్నంత జనం ఇక్కడ కనిపించరు.

మొదేనా, పార్మా, రెజ్జో ఎమీలియాల చుట్టూ పర్మిజానో రెజ్జానో జున్ను తయారవుతుంది. చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, పదకొండయ్యేసరికి అసలు పని అయిపోతుంది. రాగి బానల్లో పాలు విరిచి, ముద్దను గుడ్డలో పైకెత్తి రెండుగా కోస్తారు. ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పడతాయి, తయారయ్యాక బరువు నలభై కిలోలకు అటూ ఇటూ. మూడు వారాల దాకా ఉప్పునీళ్లలో నాని, తర్వాత కనీసం పన్నెండు నెలలు అటక మీద పండాలి. ఏడాది నిండాక ఒక నిపుణుడు చిన్న సుత్తితో కొట్టి, చప్పుడు విని లోపల పగుళ్లున్నాయో లేవో చెబుతాడు. ఆ ప్రాంతం పాడి పశువుల కొట్టాల్లో చాలాకాలంగా పనిచేస్తున్నవాళ్లలో పంజాబీలు ఎందరో. రెజ్జో ఎమీలియా జిల్లాలోని నొవెల్లారాలో వాళ్ల గురుద్వారా 2000 నుంచి ఉంది.

వెనిస్ మాటేమిటని అడగొచ్చు. తెలుగువాళ్లకు ఆ ఊరితో పాత బంధమే ఉంది. పదమూడో శతాబ్దంలో వెనిస్‌వాడైన మార్కో పోలో మోటుపల్లి రేవు గురించి, ఆ సీమను న్యాయంగా ఏలుతున్న రాణి గురించి, అక్కడి సన్నటి బట్టల గురించి రాశాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. అయినా సరే, ఒక రాత్రి ఉండే వీలుంటేనే వెనిస్‌ను జాబితాలో ఉంచాలి. పగటి గుంపులన్నీ సాయంత్రం రైలెక్కాక మిగిలే వెనిస్సే వెనిస్. నాలుగు గంటల కోసం వెళ్లేవాళ్లకు కనిపించేది ముందు నడుస్తున్నవాళ్ల వీపులే. పైగా 2024 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, పగలు వచ్చి వెళ్లిపోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము కూడా వసూలు చేస్తున్నారు.

పీసా కొట్టెయ్యవచ్చు. అమాల్ఫీ తీరం ఇంకో ప్రయాణానికి.

భోజనం ప్లాన్‌లో భాగమే

2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశాల్లో మన దీపావళితోపాటు ఇటలీ వంట కూడా మానవాళి వారసత్వ జాబితాలో చేరింది. అయితే 'ఇటలీ వంట' అనే మాటను ఇటలీలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దేశం ఒకటైందే 1861లో. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూజి అనే పట్టు వ్యాపారి ఊరూరి వంటలు పోగేసి, ప్రచురించేవాళ్లు దొరక్క సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. ఇంటింటా చేరిన ఆ పుస్తకంతోనే దేశానికంతటికీ ఒక వంట ఉందన్న ఊహ బలపడింది. ఈనాటికీ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి వంటే తినాలి. బొలొన్యాలో గుడ్డు కలిపిన తాజా తల్యతెల్లె, నేపుల్స్‌లో పిజ్జా, రోమ్‌లో జున్ను, మిరియాల పాస్తా కాచొ ఎ పెపె, ఫ్లారెన్స్‌లో పాత రొట్టె, ఆకుకూరలు, చిక్కుడు గింజలు కలిపి ఉడికించే రిబొల్లీతా. ఫ్లారెన్స్ రొట్టెలో ఉప్పుండదు. అది వంటవాడి మతిమరుపు కాదు, తస్కనీ ఆచారం.

శాకాహారులు ఇక్కడ ఆగి చదవాలి. 'మాంసం లేదు' అన్న మాట ఇటలీలో మనకు అర్థమైనంత దూరం పోదు. పర్మిజానో చెయ్యడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారు, అది నిబంధనల్లోనే ఉంది. పచ్చగా అమాయకంగా కనిపించే పెస్తోలో పడేది ఆ జున్నో, అలాంటిదే ఇంకొకటో. మిలాన్ రిజొత్తోలో ఎముక మజ్జ, రిజొత్తోలు, సూపుల్లో తరచుగా మాంసపు రసం, పూల్యా ప్రాంతపు ఆకుకూర పాస్తాలో చిన్న చేపలు, పన్నా కొత్తా గడ్డకట్టడానికి జెలటిన్. బొలొన్యా తొర్తెల్లీని లోపల పంది మాంసం. గుడ్డు తిననివాళ్లకు ఇంకో చిక్కు, ఉత్తరాన తాజా పాస్తా అంటే గుడ్డు కలిపిందే.

ఇంత చదివి బ్యాగు నిండా అటుకులు, ఉప్మా మిక్సు సర్దుకోనక్కర్లేదు. పిజ్జా మారినారా అడగాలి. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. జున్ను ఊసే లేదు, నేపుల్స్ పిజ్జాల్లో పెద్దన్న అదే. రాణి మార్గెరీతా పేరు 1889లో చేరిందని చెప్పే పిజ్జా దాని తర్వాతే. స్పగెట్టి ఆల్యొ ఒల్యొ ఎ పెపెరొంచీనొలో వెల్లుల్లి, నూనె, ఎండుమిరప. గుంటూరు నాలుకకు ఇటలీలో దొరికే మొదటి స్నేహితుడు అది. ఎండు పాస్తాను దేశంలో చట్టప్రకారం గట్టి గోధుమ రవ్వతోనే చేస్తారు, మామూలు రకాల్లో గుడ్డుండదు. పలెర్మో వీధుల్లో శనగపిండితో వేయించే పనెల్లె తింటే మన బజ్జీకి మేనత్త కొడుకు కనబడినట్టుంటుంది. సిసిలీ వంకాయ కపొనాతాలో పులుపు, తీపి రెండూ తగులుతాయి. టమాటా, మిరప వాళ్లకూ మనకూ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. ఇటలీలో టమాటా సాస్ తయారీ 1690లలో అచ్చయిన ఆంతొనియొ లతీని పుస్తకంలో తొలిసారి కనిపిస్తుంది. టమాటా, మిరప రాకముందు వాళ్ల పాస్తాకు గానీ మన పచ్చళ్లకు గానీ ఈ ఎరుపు లేదు.

ఫోన్‌లో నాలుగు మాటలు రాసుకుంటే వెయిటర్‌తో పని సులువు. మగవాళ్లయితే 'సోనొ వెజెతరియానొ', ఆడవాళ్లయితే 'సోనొ వెజెతరియానా'. 'సెన్సా కార్నె, సెన్సా పెషె' అంటే మాంసం, చేప లేకుండా. 'సెన్సా బ్రోదొ ది కార్నె' అంటే మాంసపు రసం లేకుండా. ఈ మూడోదే చాలామంది మరిచిపోయేది.

వేళలు తప్పితే ఆకలి తప్పదు. రెస్టారెంట్లలో వంటగది మధ్యాహ్నం రెండున్నరకు మూసుకుని రాత్రి ఏడు, ఏడున్నరకు తెరుచుకుంటుంది. రాత్రి వేళ మన ఇళ్ల అలవాటుకు సరిపోతుంది, చిక్కంతా మధ్యాహ్నంతోనే. మ్యూజియం నుంచి మూడింటికి బయటపడిన కుటుంబానికి పర్యాటకులను పట్టే హోటళ్లు మాత్రమే తెరిచి ఉంటాయి, రంగురంగుల ఫొటోల మెనూతో, గుమ్మంలో పిలిచే మనిషితో. అందుకే టికెట్ స్లాట్ ఎంచుకునేటప్పుడే భోజనం లెక్క చూసుకోవాలి. ఉదయం తొమ్మిది స్లాట్ తీసుకుంటే పన్నెండున్నరకు కుర్చీలో కూర్చోవచ్చు.

బిల్లులో 'కొపెర్తొ' అని మనిషికి ఒకటి నుంచి మూడు యూరోలు కనిపిస్తే కంగారుపడొద్దు, అది కూర్చున్నందుకు, రొట్టెకు. అది కట్టాక పది శాతం టిప్పు ఇవ్వాలన్న నియమం లేదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర, పేరున్న కూడళ్లలో రెట్టింపు దాటుతుంది. రోమ్ వీధుల్లో రెండు వేలకు పైగా ఉన్న 'నజోనె' కుళాయిల్లో నీళ్లు పగలూ రాత్రీ పారుతూనే ఉంటాయి, చల్లగా, ఉచితంగా. సీసా ఒక్కటి వెంట ఉంచుకుంటే చాలు.

ఇంటి నుంచి తీసుకెళ్లే సామాను దగ్గర ఒక హెచ్చరిక. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. గోంగూర మటన్, చికెన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా ఎయిర్‌పోర్టులో దొరికితే చెత్తబుట్ట పాలు. బంగినపల్లి మామిడిపళ్లూ తగిన ధ్రువపత్రం లేకుండా పనికిరావు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడికి ఆ తంటా లేదు.

కాగితాలు, రైళ్లు, నెలలు

ఇటలీది షెంజెన్ వీసా. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చెయ్యొచ్చు, పదిహేను రోజుల కన్నా ఆలస్యం కాకూడదు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం సర్వీసు ఛార్జి వేరు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. సీజన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి నాలుగైదు నెలల ముందే కదలాలి. 2025 అక్టోబరు నుంచి షెంజెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. దిగగానే ఇంకో రైలో విమానమో ఉంటే కాస్త ఎక్కువ వ్యవధి పెట్టుకోవాలి.

విమానం టికెట్ మిలాన్‌లో దిగి రోమ్ నుంచి తిరిగొచ్చేలా తీసుకుంటే వెనక్కి పరుగెత్తే రోజు మిగులుతుంది. వేగపు రైళ్ల టికెట్లు ముందుగా కొంటే చవక. మామూలు ప్రాంతీయ రైళ్ల ధర మాత్రం ఎప్పుడు కొన్నా అదే. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, మరిస్తే జరిమానా. అద్దె కారు పాత ఊళ్లలోకి పనికిరాదు. అనుమతి లేని కార్లను కెమెరాలు పట్టేస్తాయి, ఆ చలానా ఇండియాకు వచ్చి చేరేదాకా తప్పు చేశామనే తెలియదు.

హోటల్ ధర చూసి బడ్జెట్ వేసేవాళ్లు నగర పన్ను మరిచిపోతారు. రోమ్‌లో నాలుగు నక్షత్రాల హోటల్లో అది మనిషికి రాత్రికి ఏడున్నర యూరోలు. నలుగురు పెద్దలు నాలుగు రాత్రులుంటే 120 యూరోలు, గది అద్దె మీద అదనం.

నెలల్లో ఆగస్టును కొట్టెయ్యాలి. ఎండ మండుతుంది, ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తొ పండుగ చుట్టూ ఇంటివాళ్లు నడుపుకునే మంచి హోటళ్లు తాళాలు వేసుకుని సముద్రానికి పోతాయి. మన బడి సెలవుల్లో దసరా రోజులు ఇటలీకి బాగా కుదురుతాయి. ద్రాక్ష కోత, పుట్టగొడుగుల కాలం, చేతిలో స్వెట్టర్ ఉంటే సరిపోయే చలి. వేసవి సెలవుల్లో వెళ్లక తప్పకపోతే మే మొదటి సగం మేలు. రోమ్‌లో ఈస్టర్ వారం మొక్కు ఉన్నవాళ్లకే.

ఈ దసరాకో వచ్చే వేసవికో వెళ్లాలనుకునేవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని బీరువాలోని పాస్‌పోర్టులు బయటికి తీయడం. షెంజెన్ దేశాల నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదు, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇంట్లో ఏ ఒక్కరిది తేడా వచ్చినా రెన్యువల్‌కు ఈ వారమే దరఖాస్తు చెయ్యండి. అది చేతికి వచ్చేలోగా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి తలా ఒక్క పేరు రాయించండి.